ప్రాచీన గ్రీకు హాస్యనాటకాల అధ్యయనం: పశ్చిమ ప్రకాశం విద్యార్థికి ఒక పరిచయం

ప్రాచీన గ్రీకు హాస్యనాటకం ఏథెన్స్ నగరంలో డయోనిసస్ దేవుడి ఉత్సవాల్లో పుట్టి పెరిగింది. క్రీ.పూ. 486లో నగర డయోనీసియా ఉత్సవంలో దీనికి అధికారిక పోటీ మొదలైంది. చలికాలంలో జరిగే లెనాయా ఉత్సవంలో క్రీ.పూ. 440 ప్రాంతంలో పోటీ పెట్టారు. పండితులు ఈ హాస్యనాటకాన్ని పాత, మధ్య, నవ్య అని మూడు దశలుగా విభజిస్తారు. పాత దశకు అరిస్టోఫనీస్, నవ్య దశకు మెనాండర్ ప్రతినిధులు. మధ్య దశలో అంటిఫనీస్, అలెక్సిస్ వంటి వారు విస్తారంగా రాసినా మిగిలినవి ముక్కలే. అరిస్టోఫనీస్ రాసిన సుమారు నలభై నాటకాల్లో పదకొండు పూర్తిగా దక్కాయి. ఆయనతో పోటీపడి గెలిచిన క్రటీనస్, యూపొలిస్‌ల నాటకాల్లో ఒక్కటి కూడా పూర్తిగా లేదు.

ఐరోపా, అమెరికా విశ్వవిద్యాలయాల్లో గ్రీకు, లాటిన్ సాహిత్య శాఖలు గ్రీకు హాస్యనాటకాన్ని మూలభాషలో చెబుతాయి. తెలుగునాట ఇంగ్లీషు ఎం.ఏ. విద్యార్థులు, రంగస్థల కళల విద్యార్థులు అనువాదాల ద్వారా చదువుతారు. హైదరాబాద్ విశ్వవిద్యాలయం, ఆంధ్ర విశ్వవిద్యాలయం, తెలుగు విశ్వవిద్యాలయాల్లో రంగస్థల శాఖలున్నాయి. అరిస్టాటిల్ కావ్యశాస్త్రం, సోఫొక్లీస్ ‘ఈడిపస్ రాజు’ సాధారణంగా అందరికీ తగులుతాయి. అరిస్టోఫనీస్ దాకా వెళ్ళేవారు తక్కువ. విషాదం గొప్పది, హాస్యం తేలిక అన్న తూకం ఇందుకు కొంత కారణం. అరిస్టాటిల్ గ్రంథంలో హాస్యాన్ని చర్చించిన భాగం మనకు దక్కకపోవడం మరొకటి. విషాదానికి చేతిలో సిద్ధాంత గ్రంథం ఉంది, హాస్యానికి నాటకాలే దిక్కు.

మార్కాపురం, గిద్దలూరు, కంభం, యర్రగొండపాలెం వైపు నుంచి డిగ్రీ చదివి ఒంగోలుకో గుంటూరుకో హైదరాబాద్‌కో పై చదువులకు వెళ్ళే విద్యార్థికి ఈ విషయం చాలా దూరంగా కనిపిస్తుంది. దాన్ని కష్టం చేసేవి మూడు: ఊరి రాజకీయం, యాసలు, అనుమతి ఉన్న బూతు. ఈ మూడింటికీ కావలసిన అనుభవం ఆ విద్యార్థి దగ్గర ముందే ఉంది. దాన్ని పనిముట్టుగా వాడుకోవడం ఎలాగో పాఠంలో చెప్పడం లేదు, అంతే.

ఉత్సవం, ఖర్చు, శాసనాలు

పోటీకి మామూలుగా అయిదుగురు కవులు ఒక్కొక్క నాటకంతో వచ్చేవారు. నటులందరూ మగవారే. ముఖానికి మాస్కు, పొట్టకూ పిరుదులకూ మెత్తలు, నడుముకు తోలుతో చేసిన పురుషాంగం వేషంలో భాగం. కోరస్‌లో 24 మంది ఉండేవారు. విషాద నాటకం కోరస్ కన్నా ఇది పెద్దది. కోరస్ శిక్షణకు, దుస్తులకు అయ్యే ఖర్చును ‘ఖోరెగోస్’ అనే సంపన్న పౌరుడు భరించాలి. ఇది పన్ను లాంటి బాధ్యత, పేరు తెచ్చే అవకాశం కూడా. గెలిస్తే కవి పేరుతో పాటు ఆయన పేరు కూడా రాతికెక్కేది.

ఏ ఏడు ఎవరు గెలిచారన్న సమాచారంలో చాలా భాగం ఏథెన్స్ శాసనాల నుంచే వచ్చింది. క్రీ.పూ. నాలుగో, మూడో శతాబ్దాల్లో చెక్కిన విజేతల పట్టికలు పగిలిన ముక్కలుగా దొరికాయి. ఏ ముక్క ఏ ముక్క పక్కన అతుకుతుంది, విరిగిన చోట ఎన్ని అక్షరాలు పోయి ఉంటాయి అని లెక్కగట్టి నాటకాల కాలక్రమం నిర్ణయించారు. త్రిపురాంతకం గుడిలో కాకతీయుల కాలపు శాసనాలు చదివిన చరిత్ర విద్యార్థికి ఈ పని కొత్త కాదు. పాలకుడి పేరుతో సంవత్సరం గుర్తించడం, దాత పేరు, దానం దేనికి అన్నది వెతకడం అక్కడా ఇక్కడా ఒకే విద్య. సాహిత్యం ఎం.ఏ. చేసేవారికి శాసనాలు చదవడం నేర్పకపోవడం మన పాఠ్యప్రణాళికల లోటని ఈ వ్యాసకర్త అభిప్రాయం. గ్రీకు హాస్యనాటకం ఆ లోటును వెంటనే బయటపెడుతుంది.

ఒక నాటకం దగ్గరగా: ‘అకార్నియన్లు’

క్రీ.పూ. 425లో లెనాయా ఉత్సవంలో మొదటి బహుమతి పొందిన ఈ నాటకం అరిస్టోఫనీస్‌వి మనకు దక్కిన వాటిలో అన్నిటికన్నా పాతది. ఏథెన్స్, స్పార్టాల మధ్య యుద్ధం ఆరో ఏట నడుస్తోంది. పల్లెలను శత్రువుకు వదిలేసి రైతులు నగరం గోడల లోపలికి వచ్చి తలదాచుకున్నారు. కథానాయకుడు డికాయోపొలిస్ అలా వచ్చిన రైతు. పొద్దున్నే సభాస్థలానికి వచ్చి ఒక్కడే కూర్చుంటాడు. ఎవరూ రారు. వచ్చినవాళ్ళు శాంతి మాట ఎత్తరు. నగరంలో ప్రతిదీ కొనుక్కోవాలని, తన పల్లెలో ఆ బాధే లేదని వాపోతాడు. కరువు ఏళ్ళలో గుంటూరు వైపు మిరపకోతలకు, హైదరాబాద్, బెంగళూరుల్లో కట్టుబడి పనులకు వలసపోయిన కుటుంబాల పిల్లలకు ఈ తొలి దృశ్యం మీద వివరణ అక్కరలేదు.

విసిగిపోయిన డికాయోపొలిస్ తన ఇంటివరకు స్పార్టాతో సొంత సంధి చేసుకుంటాడు. సంధి నమూనాలు ద్రాక్షసారా రూపంలో వస్తాయి. అయిదేళ్ళది, పదేళ్ళది రుచి చూసి నచ్చక, ముప్ఫై ఏళ్ళది ఎంచుకుంటాడు. అకార్నై అనే ఊరి ముసలివాళ్ళు కోరస్‌గా రాళ్ళు పట్టుకుని మీదికొస్తారు. వాళ్ళు బొగ్గులు కాల్చి బతికేవాళ్ళు. వాళ్ళ ద్రాక్షతోటలను శత్రువు నరికేశాడు కాబట్టి సంధి అంటే మండిపడతారు. డికాయోపొలిస్ ఒక బొగ్గుల బుట్టను పసిబిడ్డను పట్టుకున్నట్టు పట్టుకుని, కదిలితే పొడిచేస్తానంటాడు. ముసలివాళ్ళు హడలిపోతారు. ఇది యూరిపిడీస్ విషాద నాటకం ‘టెలిఫస్’లో రాజకుమారుణ్ణి బందీ చేసిన ఘట్టానికి వెక్కిరింపు. ఆ నాటకం తెలియకపోయినా నవ్వొస్తుంది, తెలిస్తే ఇంకా నవ్వొస్తుంది. సర్కారు తుమ్మ కాల్చి బొగ్గు చేసే పల్లెలను ఎరిగినవారికి బుట్ట మీద ఆ ముసలివాళ్ళ ప్రేమ కూడా అర్థమవుతుంది. ఆ బుట్ట వాళ్ళ బతుకుతెరువు.

తర్వాత డికాయోపొలిస్ తన సొంత సంత తెరుస్తాడు. పొరుగు ఊరు మెగారా నుంచి ఒకడు వస్తాడు. ఏథెన్స్ తన సంతల్లోకి మెగారావారిని రానివ్వకుండా నిషేధం పెట్టింది. ఆకలికి తట్టుకోలేక అతడు తన ఇద్దరు కూతుళ్ళకు పందిపిల్లల వేషం కట్టి, సంచిలో వేసుకుని అమ్మడానికి తెస్తాడు. ప్రతిఫలంగా వెల్లుల్లి, ఉప్పు అడుగుతాడు. ఒకప్పుడు ఆ రెండూ మెగారా నుంచే ఏథెన్స్‌కు వచ్చే సరుకులు. ఆ దృశ్యమంతా పంది అనే మాట మీద బూతు ద్వంద్వార్థాలతో నడుస్తుంది, ఏథెన్స్ ప్రేక్షకులు పగలబడి నవ్వి ఉంటారు. అదే దృశ్యం తమ ప్రభుత్వం పెట్టిన నిషేధం వల్ల పొరుగువాడు బిడ్డలను అమ్ముకునే స్థితికి వచ్చాడని వాళ్ళ ముందే పెట్టింది. ఇది యుద్ధం మధ్యలో, పౌరులు నిండిన రంగస్థలంలో జరిగింది. ఈ నాటకాలను తేలికగా చూసేవారు ఈ ఒక్క దృశ్యం చదివితే చాలు.

యాస

మెగారావాడు ఏథెన్స్ గ్రీకులో మాట్లాడడు, డోరిక్ యాసలో మాట్లాడతాడు. అతని తర్వాత వచ్చే బియోషియావాడిది మరో యాస. ‘లిసిస్ట్రాటా’ (క్రీ.పూ. 411) లో స్పార్టా స్త్రీ లాంపిటోది స్పార్టా మాట. ఇంగ్లీషు అనువాదకులు కొందరు వీటికి స్కాట్లండ్ యాసో అమెరికా దక్షిణాది యాసో తొడిగారు. అరిస్టోఫనీస్ ఈ యాసలను ఎంత యథాతథంగా పట్టాడన్నది ఒక పరిశోధనాంశం. స్టీఫెన్ కొల్విన్ 1999లో దీనిమీద ఒక గ్రంథమే వెలువరించాడు.

తెలుగులో ఈ చర్చ సొంత దారిలో జరిగింది. నెల్లూరు సీమకు చెందిన వేదం వేంకటరాయశాస్త్రి (1853–1929) ‘ప్రతాపరుద్రీయం’ (1897) నాటకంలో పాత్రోచిత భాష ప్రవేశపెట్టారు. రాజులు, మంత్రులు గ్రాంథికంలో మాట్లాడితే చాకలి పేరిగాడు తన వాడుకమాట మాట్లాడతాడు. పేరిగాడికి ప్రతాపరుద్రుడి వేషం వేయడం ఆ నాటకంలో నవ్వు పుట్టించే ఘట్టం. కాకతీయుల కథ కాబట్టి త్రిపురాంతకం ప్రాంతంవారికి అది సొంత చరిత్ర కూడా. అయితే పాత్రోచిత భాషలో యాస ఎప్పుడూ కింది కులంవారి నోటే వినిపిస్తుంది. అరిస్టోఫనీస్ దగ్గర యాస పరాయి ఊరివాడి గుర్తు. సొంత ఊరి బానిసలు అతని నాటకాల్లో యజమానుల లాంటి భాషే మాట్లాడతారు. ఎవరి మాటను చూసి నవ్వుతున్నాం, ఎందుకు నవ్వుతున్నాం అన్న ప్రశ్న రెండు సమాజాల్లో రెండు జవాబులు ఇస్తుంది.

1970 ఫిబ్రవరిలో ఒంగోలు జిల్లా ఏర్పడే వరకు మార్కాపురం, గిద్దలూరు ప్రాంతాలు కర్నూలు జిల్లాలో ఉండేవి. జిల్లాకు 1972లో ప్రకాశం పేరు వచ్చింది. గిద్దలూరు మాటలో నేటికీ కర్నూలు, కడప పోకడ వినిపిస్తుంది, యర్రగొండపాలెం వైపు పల్నాటి ఛాయ. సినిమాల్లో సీమ యాస హాస్యానికో హింసకో గుర్తుగా మారడం చూస్తూ పెరిగిన విద్యార్థి మెగారావాడి దృశ్యం మీద రాసే వ్యాసం లండన్ విద్యార్థి రాసే వ్యాసం లాగా ఉండనక్కరలేదు.

నవ్వించే హక్కు

పాత హాస్యనాటకం బతికున్న నాయకులను పేరుపెట్టి తిట్టింది. క్రీ.పూ. 426లో ‘బాబిలోనియన్లు’ చూసి ఆగ్రహించిన నాయకుడు క్లియోన్ అరిస్టోఫనీస్ మీద చర్యకు దిగాడు. మరుసటి ఏడు ‘అకార్నియన్లు’లో కవి ఆ సంగతి ఎత్తాడు. ఆపై ఏడు ‘అశ్వికులు’లో క్లియోన్‌నే రంగం మీదికి తెచ్చాడు, ఆ నాటకం మొదటి బహుమతి గెలిచింది. క్రీ.పూ. 423లో సోక్రటీస్‌ను వెక్కిరించిన ‘మేఘాలు’ మాత్రం మూడో స్థానంలో ఆగిపోయింది. ఆ ఏడు గెలిచింది క్రటీనస్, తాగుబోతుగా తన మీద తానే నాటకం రాసుకుని. మన చేతిలో ఉన్న ‘మేఘాలు’ కవి తర్వాత కొంత తిరగరాసిన పాఠం, రంగమెక్కని పాఠం. క్రీ.పూ. 399లో విచారణ ఎదుర్కొన్న సోక్రటీస్ తనపై ఉన్న పాత అపోహలకు ఈ నాటకాన్ని ఉదాహరణగా చూపినట్టు ప్లేటో రాశాడు. హాస్యం నిర్దోషమా అన్న చర్చ తరగతి గదిలో ఇక్కడే మొదలవుతుంది. కవికి హక్కు ఉందన్నంత మాత్రాన ఆ నవ్వు ఎవరి మీద పడిందో, ఇరవై నాలుగేళ్ళ తర్వాత ఏం చేసిందో అడగకుండా ఉండలేం.

నాటకం మధ్యలో నటులు పక్కకు తప్పుకుంటే కోరస్ నేరుగా ప్రేక్షకులతో మాట్లాడే భాగాన్ని ‘పరాబసిస్’ అంటారు. కథ ఆగుతుంది, ఊరి సంగతులు, రాజకీయం, కవి గొప్పలు, పోటీ కవుల మీద దెప్పుళ్ళు వస్తాయి. క్రీ.పూ. 405 నాటి ‘కప్పలు’ నాటకానికి మళ్ళీ ప్రదర్శన అవకాశం దొరకడానికి దాని పరాబసిస్‌లో నగరానికి చెప్పిన సలహాయే కారణమని పురాతన వ్యాఖ్యానం. పాశ్చాత్య విద్యార్థులకు పరాబసిస్ వింతగా తోస్తుంది. బుర్రకథ విన్నవారికి తోచదు. తంబురా పట్టిన కథకుడికి ఒక పక్క హాస్యపు వంత, మరో పక్క రాజకీయపు వంత ఉంటారు. పల్నాటి యుద్ధమో బొబ్బిలి కథో నడుస్తుండగా రాజకీయపు వంత ఆపి, ఈనాటి ధరల గురించో పాలకుల గురించో మాట్లాడి మళ్ళీ కథలోకి వస్తాడు. షేక్ నాజర్ (1920–1997) ఈ పద్ధతిని ఎంత ఎత్తుకు తీసుకెళ్ళారో తెలుగువారికి తెలిసిందే. రెండింటికీ చారిత్రక సంబంధం లేదు. కథ ఆపి ఊరితో మాట్లాడే అవసరం రెండు చోట్లా ఎందుకు పుట్టిందన్నది పోల్చి చూడదగిన విషయం.

పాలకుడి ముందే దుర్మార్గుణ్ణి అనుకరించి చూపిన ఘటన పశ్చిమ ప్రకాశానికి పొరుగునే ఉంది. గిద్దలూరు నుంచి పోరుమామిళ్ళ, బద్వేలు మీదుగా దిగితే సిద్ధవటం. అక్కడి పాలకుడు సమ్మెట గురవరాజు స్త్రీలను హింసించి సొమ్ము గుంజడాన్ని కూచిపూడి భాగవతులు విజయనగర ప్రభువు వీర నరసింహరాయల ముందు ఆడి చూపారని, రాయలు సైన్యాన్ని పంపి గురవరాజును శిక్షించాడని మాచుపల్లి కైఫియత్తు చెబుతుంది. ఇది 16వ శతాబ్దం తొలి ఏళ్ళ సంగతి. ఏథెన్స్ కవికి తీర్పరులు తోటి పౌరులు, కూచిపూడివారికి రాజు ఒక్కడే. ఆ తేడా వల్ల నాటకం ధైర్యం ఎలా మారుతుందన్నది పరిశోధనకు మంచి అంశం.

మెనాండర్, మార్కాపురం బైబిలు

నవ్య హాస్యనాటకంలో క్లియోన్‌లు లేరు. మాసిడోనియా పెత్తనం కింద ఏథెన్స్ రాజకీయ స్వేచ్ఛ సన్నగిల్లాక నాటకం ఇంట్లోకి వచ్చింది. ప్రేమలు, తప్పిపోయి దొరికిన బిడ్డలు, పిసినారి తండ్రులు, తెలివైన బానిసలు దాని సరుకు. మెనాండర్ నూరుకు పైగా నాటకాలు రాసి ఎనిమిదిసార్లే గెలిచాడు. తర్వాతి శతాబ్దాల్లో బడిపిల్లల పాఠాల దాకా వెళ్ళాడు. ఆపై ఆయన నాటకాలు మాయమయ్యాయి. 1905లో గుస్తావ్ లెఫెవ్ర్ ఈజిప్టులో ఒక పపైరస్ పుస్తకం కనుగొనడంతో పెద్ద భాగాలు బయటపడ్డాయి. 1958లో ‘డిస్కొలోస్’ (ముక్కోపి) దాదాపు పూర్తిగా అచ్చయింది. ఇది క్రీ.పూ. 316లో లెనాయాలో గెలిచిన నాటకం. వాటికన్ గ్రంథాలయంలో చెరిపి తిరగరాసిన తోలుపత్రాల కింద మెనాండర్ పంక్తులు దొరికాయని 2003లో ప్రకటించారు.

మెనాండర్ మాయమైన ఆ శతాబ్దాల్లోనూ ఒక్క పంక్తి ప్రపంచమంతా తిరిగింది. కొరింథీయులకు పౌలు రాసిన మొదటి పత్రిక 15వ అధ్యాయం 33వ వచనంలో చెడు సాంగత్యం గురించిన మాట మెనాండర్ ‘థాయిస్’ నాటకంలోదని ప్రాచీన కాలం నుంచి చెబుతున్నారు. అది యూరిపిడీస్ మాటేనన్న అభిప్రాయమూ ఉంది. 1866లో ఒంగోలు చేరిన అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ కాలం నుంచి ఈ సీమలో బైబిలు చాలా ఇళ్ళ పుస్తకమైంది. 1876–78 కరువు చివర, 1878 జూలై 3న, గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గర ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. ఆ గుండ్లకమ్మే నల్లమలలో పుట్టి కంభం చెరువు నింపి వచ్చే ఏరు. కంభం, మార్కాపురం, దొనకొండ చర్చిల్లో ఆ వచనం మీద ప్రసంగం విన్న ప్రతి ఒక్కరూ ఒక గ్రీకు వేశ్య పేరుతో ఉన్న హాస్యనాటకంలోని పంక్తిని తెలుగులో విన్నట్టే.

దీనికి చదువుకు పనికొచ్చే పార్శ్వం కూడా ఉంది. సెరాంపూర్ పరిధిలోని వేదాంత కళాశాలల్లో కొత్త నిబంధన గ్రీకు నేర్పుతారు. ఆ గ్రీకుకు పునాది ఏథెన్స్ మాటే. అది వచ్చినవారికి మెనాండర్ దగ్గరవాడు, అరిస్టోఫనీస్ ఇంకాస్త కష్టం. తెలుగునాట మూలంలో గ్రీకు హాస్యనాటకం చదవగల విద్యార్థి పాస్టరు కుటుంబం నుంచే ముందు రావచ్చు.

నవ్య హాస్యనాటకం మరో దారిలో రోము, లండన్‌ల మీదుగా రాజమండ్రికి వచ్చింది. ప్లాటస్ గ్రీకు మూలం నుంచి లాటిన్‌లో రాసిన ‘మెనేక్మీ’ కవలల కథను షేక్‌స్పియర్ ‘కామెడీ ఆఫ్ ఎర్రర్స్’గా మలిచాడు. కందుకూరి వీరేశలింగం (1848–1919) దాన్ని ‘చమత్కార రత్నావళి’గా తెలుగు చేశారు. ఆయన న్యాయవాదుల మోసాల మీద రాసిన ‘వ్యవహార ధర్మబోధిని’ మాత్రం సూటిదనంలో మెనాండర్ కన్నా అరిస్టోఫనీస్‌కు దగ్గర. 1892లో మొదట ఆడిన గురజాడ ‘కన్యాశుల్కం’లో ఈ రెండు స్వభావాలూ కలిశాయి.

భారతీయ నాటకంతో సంబంధం

నవ్య హాస్యనాటకం సంస్కృత నాటకానికి మూలమని 1882లో ఎర్న్‌స్ట్ విండిష్ వాదించాడు. 1890లో సిల్వాఁ లెవీ ఆ వాదాన్ని గట్టిగా ఖండించాడు. నేడు దాన్ని ఆ రూపంలో ఒప్పుకునేవారు అరుదు. నాట్యశాస్త్రం ప్రహసనాన్ని దశరూపకాల్లో ఒకటిగా చెప్పి శుద్ధం, సంకీర్ణం అని విడదీసింది. ఏడో శతాబ్దపు పల్లవ రాజు మహేంద్రవర్మ రాసిన ‘మత్తవిలాసం’ మద్యం మత్తులో కపాలం పోగొట్టుకున్న కాపాలికుడి కథ. రాజే తన కాలపు సన్యాసులను వెక్కిరించాడు. తొలి పల్లవుల రాగిశాసనాల్లో ఒంగోలు పేరు కనిపిస్తుంది కాబట్టి ఈ వంశం ప్రకాశం చరిత్రకు పరాయిది కాదు.

గ్రీకు హాస్యం భారత తీరాన్ని కథాస్థలంగా చేసుకున్న ఉదాహరణ ఒకటుంది. ఈజిప్టులోని ఆక్సిరింకస్‌లో దొరికి 1903లో అచ్చయిన 413వ నంబరు పపైరస్‌లో ఒక మొరటు హాస్యరూపకం ఉంది. భారత తీరంలోని గుడిలో చిక్కుకున్న ఖారిటియోన్ అనే గ్రీకు యువతిని ఆమె సోదరుడు, ఒక విదూషకుడు కలిసి, స్థానిక రాజుకు మద్యం పట్టించి తప్పిస్తారు. అందులో స్థానికుల నోట వచ్చే అర్థంకాని మాటలు కన్నడమని 1904లో ఇ. హుల్ట్‌ష్ ప్రతిపాదించాడు. దక్షిణ భారత శాసనాలను సంపుటాలుగా ప్రచురించిన మద్రాసు ప్రభుత్వ శాసన పరిశోధకుడు ఆయనే. ఆ ప్రతిపాదన మీద వాదం తెగలేదు. ద్రావిడ భాషలు ఎరిగిన పరిశోధకులు ఈ పపైరస్‌ను మళ్ళీ చూడవలసిన అవసరం ఉంది.

చదివే క్రమం

అరిస్టోఫనీస్ పదకొండు నాటకాలూ ఉన్న ఏకైక పాత రాతప్రతి పదో శతాబ్దపు రవెన్నా ప్రతి. మొదటి అచ్చు వెనిస్‌లో ఆల్డస్ ముద్రణాలయంలో 1498లో జరిగింది, అందులో తొమ్మిదే ఉన్నాయి. నేటి విద్యార్థికి అలన్ సోమర్‌స్టీన్ సంపాదకత్వంలో మూలం, అనువాదం, వివరణ కలిసి వచ్చిన సంపుటాలు, జెఫ్రీ హెండర్సన్ లోయెబ్ సంపుటాలు ముఖ్యం. కెనెత్ డోవర్ 1972 గ్రంథం పరిచయానికి ఇప్పటికీ మంచిది. పోయిన కవుల ముక్కలకు కాసెల్, ఆస్టిన్‌లు సంకలించిన సంపుటాలు ఆధారం. మూల పాఠాలు పెర్సియస్ డిజిటల్ గ్రంథాలయంలో ఉచితంగా దొరుకుతాయి కాబట్టి కంభంలో కూర్చున్నా చదవవచ్చు.

బూతు దగ్గర ఉపాధ్యాయులు తడబడతారు. పాత ఇంగ్లీషు అనువాదాలు దాన్ని కత్తిరించాయి. 1975లో హెండర్సన్ దానిమీదే గ్రంథం రాశాక దాచడం కుదరలేదు. ఉత్సవంలో దేవుడి పేర దానికి అనుమతి ఉండేది. పెళ్ళిలో వియ్యాలవారి మీద పాడే పాటల్లో, జాతర పాటల్లో మామూలు రోజున అనకూడని మాటలు అనడం మన ఊళ్ళలో చూసినదే. కత్తిరించకుండా, ఆ సందర్భంతో కలిపి చెప్పడమే సరైన దారి. బానిసలను కొట్టడం మీద నవ్వే దృశ్యాల విషయంలో అంత తేలిక లేదు. అక్కడ నవ్వురాని విద్యార్థిని పొరబడ్డావనకూడదు.

‘అకార్నియన్లు’తో మొదలుపెట్టి, ‘మేఘాలు’ను ప్లేటో రాసిన సోక్రటీస్ సమాధానంతో కలిపి, ‘లిసిస్ట్రాటా’, ‘కప్పలు’, చివర ‘డిస్కొలోస్’ చదివితే ఒక సెమిస్టరు సరిపోతుంది. నాటకానికొక దృశ్యం తీసుకుని ఆ పాత్రలను గిద్దలూరు మాటలోకి, యర్రగొండపాలెం మాటలోకి రాసి తరగతిలో ఆడించవచ్చు. మెగారావాడి సంత దృశ్యం పది నిమిషాల్లో అయిపోతుంది, ఇద్దరు మగవాళ్ళు, ఇద్దరు పిల్లలు, ఒక గోనెసంచి ఉంటే చాలు.